మూడో సెమిస్టర్ మార్కుల జాబితా

డిగ్రీ మూడో సెమిస్టర్. ఐదు పేపర్లు, 500 మార్కులు. నాకు వచ్చినవి 139. రెండు పేపర్ల ఎదురుగా ఎఫ్ అనే అక్షరం. అందులో ఒకదానికి 22 మార్కులు, రెండోది అసలు రాయనే లేదు.

2023 ఫిబ్రవరిలో, పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఫోనులో ఈ ఫలితం చూశాను. లోపల అమ్మ నాన్నకు అన్నం కలిపి తినిపిస్తోంది. నేను లేచి లోపలికి వెళ్లలేదు. లా చదవాలన్న నా కోరిక ఆ పూటతో ముగిసిపోయిందనుకున్నాను. అలా అనుకోవడం ఎంత తప్పో తెలియడానికి నాకు నెల రోజులు పట్టింది. ఆ నెల రోజుల భయం ఇంకెవరికీ వద్దని ఇదంతా రాస్తున్నాను.

మా నాన్న ప్లీడరు గుమస్తా. ఇరవై ఆరేళ్లు ఒకే ప్లీడరు గారి దగ్గర పనిచేశారు. మా ఊరి కోర్టులో ఒక కేసు కట్టలో ఎన్ని భాషలు ఉంటాయో బయటివారికి చెబితే నమ్మరు. దరఖాస్తు ఒడియాలో, తీర్పు ఇంగ్లీషులో, తాతల నాటి దస్తావేజు తెలుగులో. కొండల మీది నుంచి వచ్చే కక్షిదారులు సవర మాట్లాడతారు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని ఆ భాషకు పుస్తకాలు రాశారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు ఇక్కడే ఉండిపోయారు. నాన్న మాత్రం ఆ నాలుగు భాషల మధ్యే బతుకు వెళ్లదీశారు. చిన్నప్పుడు సెలవుల్లో నేను ఆయన వెంట కోర్టుకు వెళ్లేదాన్ని. ఎవరైనా కాగితం అడిగితే ముందు రసీదు రాయించుకుని, ఆ తర్వాతే ఇచ్చేవారు. "రసీదు లేనిదే కాగితం చేయి దాటకూడదు" అన్నది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ విన్న మాట.

2022 నవంబరులో ఒక తెల్లవారుజామున నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు, కొంత మాట పోయాయి. బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. తమ్ముడు పదో తరగతి, అమ్మకు ఒడియా అంతగా రాదు. అందుకని ఆసుపత్రిలో నేనే ఉండాల్సి వచ్చింది. మందుల చీటీలు, స్కానింగు, రాత్రి వరండాలో పడక, ఇలా పంతొమ్మిది రోజులు. ఆ తర్వాత ఇంటికి తెచ్చి, రోజూ చేయీ కాలూ ఆడించే వ్యాయామం. డిసెంబరులో మూడో సెమిస్టర్ పరీక్షలు. పొలిటికల్ సైన్స్ ఆనర్స్ పేపర్లు మూడు, ఇంకో సబ్జెక్టుది ఒకటి, నైపుణ్యాల పేపరు ఒకటి. చదివింది లేదు. చివరి ఆనర్స్ పేపరు నాడు నాన్న మళ్లీ కింద పడ్డారు. నేను పరీక్షకు వెళ్లలేదు. ఇప్పుడు మళ్లీ ఆ రోజు వచ్చినా వెళ్లను.

ఫలితం వచ్చాక నేను చేసిన మొదటి పొరపాటు, దొరికిన ప్రతి వీడియో చూడటం. డిగ్రీలో ఒక సెమిస్టర్ పాడైతే లా కాలేజీలో సీటు వస్తుందా అని వెతికితే, వచ్చినవాటిలో చాలా భాగం అమెరికా సంగతులు. అక్కడ లా కాలేజీలు ఎల్‌శాట్ అనే పరీక్ష స్కోరుతో పాటు డిగ్రీ నాలుగేళ్ల సగటు గ్రేడునూ తూకం వేస్తాయి. తప్పిన పేపరును మళ్లీ రాసి నెగ్గినా, పాత గ్రేడు మార్కుల పత్రంలో ఉంటే దానినీ కలిపే సగటు లెక్కగడతారు. అందుకే అక్కడి పిల్లలు ఆ సెమిస్టర్‌లో ఏం జరిగిందో వివరిస్తూ దరఖాస్తుతో పాటు ఒక లేఖ జతచేస్తారు. ఇదంతా మనకూ వర్తిస్తుందనుకున్నాను. రాత్రిళ్లు కూర్చుని ఇంగ్లీషులో రెండు పేజీల లేఖ రాశాను. నాన్న జబ్బు, ఆసుపత్రి, పడిపోయిన రోజు, అన్నీ. నాలుగుసార్లు కొట్టేసి ఐదోసారి శుభ్రంగా రాసుకున్నాను. ఆ లేఖను మన దేశంలో నన్ను ఎవరూ అడగలేదు.

మార్చిలో ప్లీడరు గారు నాన్నను చూడటానికి ఇంటికి వచ్చారు. నా ముఖం చూసి సంగతి అడిగారు. మార్కుల జాబితా చూపించాను. ఆయన ఓదార్చలేదు. "నిబంధన ఏముందో చదవకుండా భయపడితే ఎలాగమ్మా? లా చదవాలనుకునే మనిషి ముందు చేయాల్సిన పని చదవడం కదా" అన్నారు. ఆ సాయంత్రం ఆయన ఆఫీసులో బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒక పాత వకాలత్నామా వెనుక వైపు లెక్క వేయించారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నిబంధనల ప్రకారం మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరాలంటే డిగ్రీ మొత్తం మీద జనరల్ అభ్యర్థులకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. ఓబీసీలకు ఇప్పుడు 42. ఇది కనీస అర్హత. కొన్ని విశ్వవిద్యాలయాలు ఇంకా ఎక్కువ అడుగుతాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం జనరల్ వారికి 50 శాతం పెట్టాయి. నేను జనరల్. కాబట్టి నాకు కావలసినవి రెండే సంఖ్యలు, 45, 50. "మొత్తం మీద" అన్న మాట కింద ప్లీడరు గారు రెండు గీతలు గీశారు. ఏ ఒక్క సెమిస్టర్‌కూ విడిగా కనీస శాతం లేదు.

మా డిగ్రీలో ఆరు సెమిస్టర్లకు 26 పేపర్లు, 2600 మార్కులు. మొదటి సెమిస్టర్‌లో 400కు 238, రెండో దానిలో 400కు 232 వచ్చాయి. మూడోదానిలో తప్పిన రెండు పేపర్లూ మళ్లీ రాసి తలా 40 తెచ్చుకున్నానని వేసుకుంటే ఆ సెమిస్టర్ 197 అవుతుంది. మూడూ కలిపితే 667. 2600లో సగం 1300. అంటే మిగిలిన మూడు సెమిస్టర్లలోని 1300 మార్కులకు 633 తెచ్చుకుంటే 50 శాతం దాటినట్టే. 633 అంటే 49 శాతం కూడా కాదు. మొదటి రెండు సెమిస్టర్లలో నా సగటు 58 దాటి ఉంది.

ఈ లెక్క చూసి నాకు చాలాసేపు మాట రాలేదు. నెల రోజులు నేను మోసిన బరువు ఒక కాగితం వెనుక ఆరు వరుసల్లో కరిగిపోయింది. ఇది చదువుతున్న మీకు ఇలాంటి సెమిస్టర్ ఒకటి ఉంటే, దయచేసి మిగతాదంతా పక్కన పెట్టి ముందు ఈ లెక్క వేసుకోండి. గ్రేడ్లు మాత్రమే ఇచ్చే కాలేజీ అయితే, గ్రేడు సగటును శాతంగా మార్చే సూత్రం మీ విశ్వవిద్యాలయానిది ఏమిటో కనుక్కోండి. ఒక్కోచోట ఒక్కో సూత్రం ఉంటుంది. ఊహించి వేసుకోవద్దు.

అయితే ప్లీడరు గారు అక్కడితో ఆగలేదు. "తక్కువ మార్కులు నిన్ను ఆపవు. మిగిలిపోయిన పేపరు ఆపుతుంది" అన్నారు. అసలు ప్రమాదం అక్కడ ఉంది. పేపరు ఒక్కటి మిగిలినా డిగ్రీ పూర్తయినట్టు కాదు. ప్రవేశపరీక్షను చివరి ఏడాదిలో ఉండగానే రాయనిస్తారు, ర్యాంకు కూడా ఇస్తారు. చేరే సమయానికి అన్ని పేపర్లూ నెగ్గిన మార్కుల జాబితా చూపించలేకపోతే ఆ ర్యాంకు వృథా.

మాకు మూడో సెమిస్టర్ బ్యాక్ పేపర్లు, అంటే తప్పినవి మళ్లీ రాసేవి, ఎప్పుడంటే అప్పుడు పెట్టరు. తర్వాతి బ్యాచ్ మూడో సెమిస్టర్ రాసేటప్పుడు వారితో కలిసి రాయాలి. అంటే 2023 డిసెంబరు, నా ఐదో సెమిస్టర్ పరీక్షల రోజుల్లోనే. అప్పుడు తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. 2024లో చేరాలనుకున్న నాకు ఉన్నది ఒక్క అవకాశం.

ఆ ఒక్క అవకాశాన్నీ దాదాపు పోగొట్టుకున్నాను. ఐదో సెమిస్టర్ పరీక్ష ఫారం నింపి, ఫీజు కట్టి, బ్యాక్ పేపర్లు కూడా అందులోనే వచ్చేస్తాయనుకున్నాను. వాటికి వేరే ఫారం, వేరే ఫీజు. నోటీసు బోర్డు మీద ఉంది, నేను పూర్తిగా చదవలేదు. చివరి రోజు మధ్యాహ్నం, తోటి అమ్మాయికి తోడుగా ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడి పెద్ద గుమస్తా గారు జాబితాలో వేలు పెట్టి చూస్తూ, "నీ పేరు బ్యాక్ వాళ్లలో లేదే, నింపావా?" అని ఒడియాలో అడిగారు. ఆయన నాన్నను ఎరుగుదురు. నా దగ్గర అంత డబ్బు లేదు. ఇంటికి పరుగెత్తి అమ్మ పోపుల డబ్బాలోంచి నోట్లు తీసుకుని వచ్చేసరికి కౌంటరు మూసే వేళయింది. ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఫారం తీసుకుని, ముద్ర వేసి, రసీదు చించి ఇచ్చారు. ఆ మనిషి ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే నా 2024 లేదు.

చదువు ఎలా సాగిందో ఎక్కువ చెప్పేది లేదు. పొద్దున్న నాన్న వ్యాయామం, పగలు కాలేజీ, రాత్రి పుస్తకం. నాలుగో సెమిస్టర్‌లో 500కు 271. ఐదోది 400కు 229. దానితో పాటే రాసిన బ్యాక్ పేపర్లలో 51, 56. ఆరోది 400కు 237. మూడో సెమిస్టర్ చివరికి 224 దగ్గర ఆగింది. మొత్తం 2600కు 1431, అంటే 55 శాతం. ఆ సెమిస్టర్ కూడా మిగతావాటిలా 58 శాతంతో నడిచి ఉంటే ఇంకో 66 మార్కులు వచ్చేవి. 2600లో 66 అంటే రెండున్నర శాతం. ప్రపంచం కూలిందని నేను ఏడ్చింది ఈ రెండున్నర శాతానికి.

ఇక ప్రవేశపరీక్షలు. ఢిల్లీకి, బనారసుకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశపరీక్షలో ఎల్ఎల్‌బీ పేపరు రాయాలి. 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. 2024 మార్చిలో బరంపురంలో రాశాను. ఇంగ్లీషు, హిందీల్లోనే ప్రశ్నలు. నాకు 300కు 148 వచ్చాయి. ఢిల్లీలో డిగ్రీ శాతం అర్హతకే, సీటు ఆ స్కోరును బట్టే ఇస్తారు. నా స్కోరు చాలలేదు. ఇందులో మూడో సెమిస్టర్ దోషం ఏమీ లేదు. తప్పు జవాబుల కోత నన్ను దెబ్బతీసింది. తెలియని ప్రశ్నలను వదిలేసే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది.

రెండోది ఆంధ్రప్రదేశ్ లాసెట్. మా ఊరి పక్కన మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అదే ఆంధ్ర. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు కోత లేదు. సామాన్య జ్ఞానం, మానసిక సామర్థ్యం 30, వర్తమాన వ్యవహారాలు 30, న్యాయశాస్త్ర అభిరుచి 60. జనరల్ వారు 42 మార్కులు తెచ్చుకుంటే ర్యాంకు ఇస్తారు. ప్రశ్నపత్రం ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ ఉంటుంది. నేను బడిలో తెలుగు చదవలేదు. నాన్న పాత పత్రికలు ముందేసుకుని నేర్పించిన తెలుగే. జూన్‌లో శ్రీకాకుళంలో ఆ పరీక్ష రాస్తున్నప్పుడు, ఒక న్యాయసూత్రం ప్రశ్న ఇంగ్లీషులో అర్థం కాక, పక్కనున్న తెలుగు చదివితే వెంటనే తెలిసింది. "కక్షిదారు", "ప్రతివాది", "దావా" నాకు మా ఇంటి మాటలు. 71 మార్కులు వచ్చాయి.

అర్హత ఉంది, ర్యాంకు ఉంది. సరిహద్దు ఊళ్లలో పుట్టినవారికి ఇంకో గడప ఉంటుంది, స్థానికత. 85 శాతం సీట్లు స్థానికులవి. నా చదువంతా ఒడిశాలో, కాబట్టి నేను స్థానికురాలిని కాను. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లలో బయటివారు ఎవరైనా పోటీ పడవచ్చనుకున్నాను, అలా కాదు. వాటికీ షరతులున్నాయి. అందులో ఒకటి, తల్లిదండ్రులలో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉండాలి. ఇది చదివినప్పుడు నేను నాన్న వైపే చూశాను. ఆయన పుట్టింది, పెరిగింది పర్లాకిమిడిలో. అప్పుడు నాన్న ఎడమ చేయి ఎత్తి వంటింటి వైపు చూపించారు.

అమ్మది టెక్కలి. ఇరవై రెండేళ్లు అక్కడే ఉంది. పదో తరగతి వరకు అక్కడే చదివింది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక ఆమెను ఎవరూ చదువు కాగితాలు అడగలేదు. ఆ మధ్యాహ్నం ట్రంకు పెట్టె దింపి, పెళ్లి చీర కింది నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పదో తరగతి మార్కుల జాబితా, అంచులు పసుపుపచ్చగా మారినా మడత నలగలేదు. లెక్కల్లో 81. "నీకు ఇంత బాగా లెక్కలు వచ్చా అమ్మా?" అన్నాను. అమ్మ ఏమీ అనకుండా ఆ కాగితాన్ని చీర కొంగుతో తుడిచింది.

గుణుపురం నుంచి వచ్చే రైలెక్కి అమ్మా నేనూ టెక్కలి వెళ్లాం. ముందు ఆమె చదివిన బడిలో స్టడీ సర్టిఫికెట్లు, తర్వాత మేనమామ వెంట తహసీల్దారు కార్యాలయం. నివాస ధ్రువపత్రానికి మూడుసార్లు తిరిగాం. ఒకసారి ఆధార్‌లో చిరునామా ఒడిశాది అన్నారు, ఒకసారి అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉందన్నారు. అడిగిన ప్రతి కాగితం మామయ్య తెచ్చి పెట్టాడు. సరిహద్దు జిల్లాల్లో ఉన్న తల్లిదండ్రులకు నాదొక విన్నపం. పిల్లలు డిగ్రీలో ఉండగానే మీ ఇద్దరి చదువు కాగితాలు, పుట్టిల్లు ఏ రాష్ట్రమో ఆ ఆధారాలు బయటికి తీసి ఉంచండి. కౌన్సెలింగ్ తేదీలు ప్రకటించాక వెతకడం మొదలుపెడితే రోజులు చాలవు.

సీటు విశాఖపట్నంలోని ఒక కాలేజీలో వచ్చింది. చేరడానికి వెళ్లిన రోజు నా సంచిలో ఆరు సెమిస్టర్ల జాబితాలు, బ్యాక్ పేపర్ల జాబితా వేరుగా, ప్రొవిజనల్, టీసీ, వేరే విశ్వవిద్యాలయం కాబట్టి మైగ్రేషన్ సర్టిఫికెట్, అమ్మ ధ్రువపత్రం. అన్నింటికీ అడుగున, ఇంగ్లీషులో రాసిన ఆ రెండు పేజీల లేఖ. ఎవరైనా అడిగితే ఇద్దామని అప్పటికీ నాకు లోపల ఉంది.

కాగితాలు చూసే ఆవిడ ఒక్కో జాబితా తిప్పుతూ వెళ్లారు. మూడో సెమిస్టర్ దగ్గర వేలు ఆగింది. నా గొంతు ఎండిపోయింది. "ఇందులో రెండు పోయాయి. తర్వాత రాశావా?" అన్నారు. బ్యాక్ పేపర్ల జాబితా ముందుకు జరిపాను. ఆ రెండు పేపర్ల కోడ్‌లు, ఈ రెండు కోడ్‌లు పక్కపక్కన పెట్టి సరిచూసుకుని, ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టారు. ఎందుకు పోయాయని అడగలేదు. తర్వాతి కాగితానికి వెళ్లారు. అంతా అర నిమిషం పట్టి ఉంటుంది. అమ్మ ధ్రువపత్రాన్ని మాత్రం రెండుసార్లు చదివారు.

ఒరిజినళ్లు ఫైలులో పెట్టి తాడు కట్టబోతుంటే, "రసీదు ఇస్తారా అండీ?" అన్నాను. ఆవిడ తల ఎత్తి చూసి, అచ్చు ఫారం ఒకటి తీసి, ఏ కాగితాలు తీసుకున్నారో వరుసగా రాసి, సంతకం చేసి ఇచ్చారు. మెట్ల మీదే దాన్ని ఫోటో తీసి తమ్ముడి ఫోనుకు పంపాను, నాన్నకు చూపించమని. కాసేపటికి ఫోను మోగింది. నాన్న మాట్లాడటానికి ఇంకా కొంచెం తడుముకుంటారు. "ఎన్ని... కాగితాలు?" అన్నారు. పదకొండు అన్నాను. "రసీదులో?"

లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి.